నలభైని రెండు వందలు చేసిన రోజు

"సర్వర్ స్లోగా ఉంది మేడమ్" అని కౌంటర్‌లో ఎవరైనా అంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. గ్యాస్ ఏజెన్సీలో అన్నా అంతే, రిజిస్ట్రార్ ఆఫీసులో అన్నా అంతే. ఆ అనేవాళ్లకు సర్వర్ అంటే ఏమిటో తెలియదు. నిజంగా స్లోగా ఉన్నది సర్వరా, దాని వెనకున్న ఇంకో యంత్రమా, ఆ రెంటి మధ్య కూర్చున్న మనిషా అన్నది అంతకన్నా తెలియదు. బయట వాన పడుతోంది అన్నంత తేలిగ్గా చెప్పేస్తారు, అందులో ఎవరి తప్పూ లేనట్టు. నా కోపమంతా అక్కడే. స్లో అనేది ఆకాశం నుంచి ఊడిపడదు. ఎక్కడో ఎవరో ఒకరు చేయకూడనిది చేస్తారు, లేదా చేయాల్సింది చేయరు. ఈ సంగతి నాకు బాగా తెలుసు. ఒకసారి ఆ ఒకరు నేనే.

నా ఉద్యోగం గురించి ఇంట్లోవాళ్లకు చెప్పడం నా వల్ల కాలేదు. పెళ్లయినప్పటి నుంచీ చెబుతున్నా, మా అత్త లెక్కలో నేను "కంప్యూటర్లో ఏందో" చేస్తాను. మీకు మాత్రం చెప్పాలి, లేకపోతే ముందు కథ నడవదు. ఒక పెద్ద ఇన్సూరెన్స్ సంస్థ ఉంది. ఆసుపత్రి కౌంటర్‌లో కార్డు నంబరు కొట్టగానే ఈ మనిషికి పాలసీ ఉందా, ఏ వైద్యానికి వర్తిస్తుంది అని చూపించే స్క్రీన్లు దానివి. ఆ స్క్రీన్ల వెనక కొత్త సర్వర్లు ఉంటాయి. కానీ పాలసీల పుట్టంతా మెయిన్‌ఫ్రేమ్ అనే పాతకాలపు పెద్ద యంత్రంలో ఉంది. నేను పుట్టకముందు రాసిన ప్రోగ్రాములు దాని మీద ఇంకా నడుస్తున్నాయి, నాకన్నా ఆరోగ్యంగా. వీటి భాష దానికి రాదు, దాని భాష వీటికి రాదు. మధ్యలో నిలబడి ఇటు ప్రశ్నను అటు, అటు జవాబును ఇటు అందించే సాఫ్ట్‌వేర్‌ని మిడిల్‌వేర్ అంటారు. అది చురుగ్గా పనిచేసేటట్టు చూడడం, అవసరమైన చోట బిగించి, అవసరమైన చోట వదులు చేయడం నా పని.

మా కంపెనీ బెంగళూరులో. కరోనా రోజుల్లో అందరినీ ఇళ్లకు పంపి, తర్వాత అందరినీ వెనక్కి పిలిచారు. ఇంటి నుంచి పనిచేసే అనుమతి మా ప్రాంతంలో ఇద్దరికే మిగిలింది. ఒకటి నాకు, తిరుపతిలో. నా కూతురికి అప్పుడు రెండేళ్లు, నా భర్తకు రేణిగుంట ఫ్యాక్టరీలో షిఫ్టులు. రెండోది చిత్తూరులో ఉండే ఒక పెద్దాయనకు. మెయిన్‌ఫ్రేమ్ వైపు పనంతా ఆయనదే. ఆయన భార్యకు పక్షవాతం వచ్చి కుడి పక్క మొత్తం పడిపోయింది. రెండు గంటలకొకసారి ఆమెను ఒత్తిగిలించి పడుకోబెట్టాలి, లేకపోతే వీపు పుండవుతుంది. పిల్లలు లేరు. చేసేది ఆయనొక్కడే. బెంగళూరు రమ్మంటే ఆయన ఉద్యోగం మానుకోవడమే. ఈ అనుమతికి ఒక షరతు ఉండేది. పెద్ద అంతరాయం ఏదైనా జరిగితే, దానికి ఎవరి పొరపాటు కారణమో వాళ్ల అనుమతి రద్దు. కాగితం మీద మెత్తని ఇంగ్లీషులో రాసి ఉంటుంది గానీ అర్థం అదే.

పెద్దాయనంటే నాకు అప్పట్లో పడేది కాదు. అదీ చెప్పుకోవాలి. ఆయన దగ్గర ఒక ఫారం ఉండేది, మూడు గళ్లు. ఏం మారుస్తున్నావు, ఎందుకు మారుస్తున్నావు, తేడా వస్తే వెనక్కి ఎట్లా తెస్తావు. మెయిన్‌ఫ్రేమ్‌కి సంబంధించి చిటికెన వేలంత మార్పు చేయాలన్నా ఆ మూడు గళ్లూ నింపి పంపాలి, ఆయన చదవాలి, ఒప్పుకోవాలి. ఒకసారి "ఎందుకు" అన్న గడిలో "వేగం కోసం" అని రాస్తే తిప్పి పంపారు. మళ్లీ రాస్తే మళ్లీ తిప్పి పంపారు. మూడోసారి నేనే ఫోన్ చేశాను, గొంతు పెంచి.

"ఎంత వేగమమ్మా?" అన్నారు ఆయన నింపాదిగా. "ఇప్పుడెంత ఉండాది, నీకెంత కావల్ల? అది రాయి. వేగం కోసం అంటే నాకేం అర్థమైతాది?"

అడిగింది న్యాయమే. కానీ న్యాయంగా అడిగేవాళ్ల మీద వచ్చేంత కోపం అన్యాయం చేసేవాళ్ల మీద రాదు. ఫోన్ పెట్టేసి, ముసలాయనకు పనీపాటా లేదని వంటింట్లో వినపడేటట్టే అన్నాను. మా అత్త కూడా "ఎవర్ని మే తిట్టేది?" అని అడిగింది.

ఆ ఏడాది ఎండాకాలం ముగిసేసరికి ఆసుపత్రుల నుంచి ఫిర్యాదులు ఎక్కువయ్యాయి. కార్డు నంబరు కొడితే జవాబు రావడానికి ఆలస్యమవుతోందని. నిజమే, కొంచెం ఆలస్యమవుతోంది. మా మేనేజర్ మధ్యాహ్నం ఫోన్ చేశాడు. బెంగళూరులో కూర్చుంటాడు, ప్రతి వాక్యాన్నీ "సింపుల్" అని మొదలుపెడతాడు.

"సింపుల్. మన మిడిల్‌వేర్ నుంచి మెయిన్‌ఫ్రేమ్‌కి ఎన్ని కనెక్షన్లు ఉన్నాయి?"

"నలభై."

"రెండు వందలు చెయ్. దారి వెడల్పు చేస్తే బండ్లు వేగంగా పోతాయి."

"మెయిన్‌ఫ్రేమ్ వైపు కూడా ఆ అంకె మార్చాలి. పెద్దాయనకు ఫారం పంపాలి."

"ఆయనకు పంపితే మూడు రోజులు. కామన్ ఐడీ ఉంది కదా, నువ్వే మార్చెయ్. రికార్డులో రొటీన్ మెయింటెనెన్స్ అని రాయి."

కామన్ ఐడీ అంటే మా బృందమంతా వాడే ఒకే లాగిన్, ఒకే పాస్‌వర్డు. ఎవరు లోపలికి పోయి ఏం మార్చినా రికార్డులో ఆ ఒక్క పేరే పడుతుంది. సౌకర్యమని పెట్టుకున్నాం. ఆ సౌకర్యం దేనికో నాకు తెలియదని ఇప్పుడు బుకాయించలేను.

మేనేజర్ చెప్పాడు, నేను చేశాను అని ఊరుకోవచ్చు. నిజం అది కాదు. ఆ అంకె మారుస్తున్నప్పుడు నాకు సంతోషంగా ఉండింది. రెండుసార్లు తిప్పి పంపిన మనిషిని దాటుకుని, ఆయన గడపలోకే పోయి, ఫారం లేకుండా, కారణం లేకుండా, నలభైని రెండు వందలు చేశాను. చేసి, లేచి పోయి కాఫీ పెట్టుకున్నాను.

మర్నాడు పొద్దున బ్రహ్మాండంగా నడిచింది. తొమ్మిదికి మేనేజర్ బొటనవేలు బొమ్మ పంపాడు. ఆ సమయంలో ఆసుపత్రుల్లో రద్దీ ఉండదు మరి. పదిన్నరకు ఓపీలు నిండాయి. పదకొండుకు మొత్తం పడుకుంది. కొంచెం ఆలస్యం కాదు, ఏ స్క్రీన్ మీద చూసినా చక్రం తిరుగుతూనే ఉంది.

లోపల ఏం జరిగిందంటే, మెయిన్‌ఫ్రేమ్ ఒకేసారి చూసుకోగలిగినన్ని ప్రశ్నలే చూసుకుంటుంది. దానికి మేం ఐదింతలు తెచ్చి మీద పోశాం. అవన్నీ అక్కడ ఒకదాన్నొకటి తోసుకుంటూ నిలబడ్డాయి. మా మిడిల్‌వేర్ ముప్పై సెకన్లు చూస్తుంది. జవాబు రాకపోతే ఆ ప్రశ్నను వదిలేసి, అదే ప్రశ్నను మళ్లీ కొత్తగా అడుగుతుంది. అక్కడ మెయిన్‌ఫ్రేమ్ పాపం మొదటి ప్రశ్నకు ఇంకా జవాబు వెతుకుతూనే ఉంటుంది. వెతికి, చచ్చీచెడీ తెచ్చి ఇస్తుంది. ముప్పై సెకన్లు దాటిపోయింది కాబట్టి ఇటు పక్క తీసుకునేవాళ్లు ఉండరు. ఆ జవాబు చెత్తలోకి పోతుంది. ఇట్లా ప్రతి ప్రశ్నా మూడేసి సార్లు. ఇదంతా నాకు ఆ రోజు తెలియదు. గ్రాఫులో మెయిన్‌ఫ్రేమ్ నూటికి నూరు దగ్గర నిలబడిపోయింది, అంతే కనపడింది.

పదకొండుంపావుకు అందరినీ ఒక కాల్‌లో చేర్చారు. పద్నాలుగు మంది. అందులో ఇన్సూరెన్స్ సంస్థవాళ్లు కూడా ఉన్నారు. ఇట్లాంటి కాల్స్‌లో ఒక ఆనవాయితీ ఉంది. అందరూ మ్యూట్‌లో ఉంటారు, మాట్లాడేవాడు ఒక్కడు, ఆ ఒక్కడు మేనేజర్. అతను గ్రాఫు చూపించి, "సింపుల్, మెయిన్‌ఫ్రేమ్ తట్టుకోలేకపోతోంది, మా వైపు ఏ మార్పూ లేదు" అన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు. నాకు నోరు తెరుచుకుపోయింది. నిన్న మధ్యాహ్నం నాకు ఫోన్ చేసిన గొంతే అది.

పెద్దాయన ఇంగ్లీషులో మొదలుపెట్టి, రెండు వాక్యాలకే తెలుగులోకి వచ్చేశారు. "మీ పక్క నుంచి వచ్చేవి శానా జాస్తి అయినాయి. నిన్నటిదాకా ఇన్ని రాల్యా. ఎవరన్నా ఏమన్నా మార్చినారా?"

"ఏమీ మార్చలేదు" అన్నాడు మేనేజర్.

పెద్దాయన నన్ను పిలిచారు. "అమ్మా, నువ్వుండావు కదా కాల్లో. పదకొండూ నలభై అయింది, ఇంకా లేట్ చేస్తే ఆస్పత్రులోళ్లు అగచాట్లు పడతారు. నీ పక్క ఏమన్నా మారిందా? ఆలోచించి చెప్పు."

ఇంట్లో నాకు నోరెక్కువని పేరు. ఆటోవాళ్లతో, కూరగాయల దగ్గర, స్కూలు అడ్మిషన్ల దగ్గర నేను మాట్లాడితే పక్కనున్నవాళ్లు తప్పుకుంటారు. ఆ నోరు ఆ రోజు ఏ గంగలో కలిసిందో. మ్యూట్ తీసే బొత్తాం మీద నా వేలు ఉంది. నొక్కితే చాలు. నా కళ్లకు నా కూతురు కనిపించింది, బెంగళూరు హాస్టల్ గది కనిపించింది. ఐదు సెకన్లు, పది సెకన్లు. నేను నొక్కలేదు.

"ఆమెకు నెట్ బాగున్నట్టు లేదు" అన్నాడు మేనేజర్.

ఆ మాట నిజం చేయడానికి కాల్ నుంచి బయటికి వచ్చి, రెండు నిమిషాల తర్వాత మళ్లీ చేరాను. "సారీ, నెట్ పోయింది" అని టైప్ చేశాను. పెద్దాయన అప్పటికి వేరే సంగతి మాట్లాడుతున్నారు. నన్ను మళ్లీ అడగలేదు.

ఆ తర్వాత నాలుగు వారాలు నేను మనిషిని కాను. రోజూ పదకొండుకు అది పడుకోవడం, మేనేజర్ "మెయిన్‌ఫ్రేమ్, మెయిన్‌ఫ్రేమ్" అనడం, ఎవరో ఒకరు అన్నీ ఆపి మళ్లీ మొదలుపెట్టడం. నలభైకి తిప్పేద్దామని రెండుసార్లు మేనేజర్‌తో అన్నాను. "ఇప్పుడు తిప్పితే మనమే చేశామని ఒప్పుకున్నట్టు" అన్నాడు. పెద్దాయన మెయిల్ మీద మెయిల్ పెట్టారు, కనెక్షన్లు తగ్గించి చూడమని. మా పక్క తగ్గించకుండా ఆయన పక్క ఒక్కటే తగ్గిస్తే లాభం లేదు. దున్నపోతు మీద వాన. మూడో వారంలో ఆయనకు కంపెనీ నుంచి ఒక ఉత్తరం వెళ్లింది. అంతరాయానికి మెయిన్‌ఫ్రేమ్ నిర్వహణే కారణమని తేలితే ఇంటి నుంచి పనిచేసే అనుమతి పునఃపరిశీలిస్తామని. మర్యాదకు కాపీ నాకూ వచ్చింది.

ఆ రోజు నేను విసిరికొట్టిన స్టీలు గ్లాసుకు ఇప్పటికీ సొట్ట ఉంది. మేనేజర్ మీద కోపం, ఉత్తరం రాసినవాళ్ల మీద కోపం, సంగతి ఏమిటో అడగకుండా ఒప్పుకున్న ఆ పద్నాలుగు మంది మీద కోపం. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, ఎదురుగా ఉన్న మా అత్త మీదే చూపించాను. పూలమ్మే ఆమె మూర కొలిచి ఇస్తుంటే మోచెయ్యి ముడిచి కొలిచావని రోడ్డు మీద పోట్లాడాను. ఆమె నా మొహం చూసి, ఇంకో జాన కలిపి ఇచ్చింది. "ఏమ్మా, ఇంట్లో ఏమన్నా కష్టమా?" అంది. పూలు తీసుకుని వచ్చేశాను. ఇంత కోపంలోనూ చేయాల్సిన ఒక్క పని మాత్రం చేయలేదు. పదిమందికీ వినపడేటట్టు, మార్చింది నేనే అని అనలేదు.

చిక్కుముడి విప్పింది మా నాయన. ఆయనకు కంప్యూటర్ గురించి ఏమీ తెలియదు. పలమనేరు దగ్గర మా ఊళ్లో ఇరవై ఏళ్లు పాల సొసైటీలో పాలు కొలిచి, వెన్న శాతం చూసే పని చేశాడు. ఆదివారం ఫోన్‌లో ఏం పాపా అట్లుండావని అడిగితే, నాకు తెలియకుండానే మొత్తం కక్కేశాను. దారులు నలభై ఉండేవి, రెండు వందలు చేశాం, అయినా ఆలస్యం ఇంకా ఎక్కువైంది అని.

"అవతల కొలిచేటోళ్లు ఎంతమంది?" అన్నాడు నాయన.

"అది ఒకటే నాయనా."

"మరి వాకిలి పెద్దది చేస్తే ఏమొస్తాది? మా సొసైటీలో కూడా ఒక ప్రెసిడెంటు అట్లనే చేసినాడు. క్యూ జాస్తి ఉండాదని గోడ పగలగొట్టి ఇంకో రెండు వాకిండ్లు పెట్టించినాడు. జనమంతా క్యాన్లు ఎత్తుకోని లోపలికొచ్చి నా నెత్తినెక్కినారు. ఎవురి క్యాను ఎవురిదో తెలీల్యా. కొలిచేదానికి చెయ్యి కూడా ఆడల్యా. ఆ పొద్దు సగం పాలు ఇరిగిపోయినాయి."

"తర్వాత ఏం చేశావు?"

"రెండు వాకిండ్లు మూసేసినా. బయటే నిలబెట్టి, పదేసి మందిని వదల్తా వచ్చినా. బిన్నా, గంటలో అయిపాయ."

ఫోన్ పట్టుకుని అట్లాగే మంచం మీద కూర్చుండిపోయాను. ఇంజనీరింగ్ చదివి, ఇన్నేళ్లు ఇదే పనిచేసి, పాలు కొలిచే మనిషికి తెలిసినంత నాకు తెలియలేదు. తెలియకపోవడం కూడా కాదు. పెద్దాయన రోజూ మెయిల్‌లో అదే రాస్తున్నారు. ఆయన రాస్తే వినలేదు, మా నాయన చెబితే విన్నాను.

సోమవారం ఎవరినీ అడగలేదు. ఈసారి ఫారం నింపాను. ఏం మారుస్తున్నావు అన్న గడిలో రెండు వందల నుంచి ముప్పై ఆరు అని రాశాను, నలభై కన్నా కూడా తక్కువ. ఎందుకు అన్న గడిలో ఇప్పుడు ఎంత ఆలస్యముందో, ఎంతకు తగ్గాలో సెకన్లలో రాశాను. మిడిల్‌వేర్ మళ్లీ మళ్లీ అడగడం కూడా మానిపించాను, ఒక్కసారే అడుగు, రాకపోతే రాలేదని చెప్పు అని. పెద్దాయన పది నిమిషాల్లో ఒప్పుకుని పంపారు. కింద ఒక్క మాట రాశారు, "బాగా రాసినావమ్మా." పదకొండు దాటింది, పన్నెండు దాటింది. స్క్రీన్లు గలగలా పలికాయి. నాలుగు వారాల ముందుకన్నా వేగంగా.

ఇంతటితో అయిపోయిందని అనుకున్నాను. తప్పు దొరికింది, దిద్దుకున్నాం, పెద్దాయన ఇంట్లోనే ఉంటారు, నేను నోరు విప్పాల్సిన అవసరమే రాలేదు అని లోపల్లోపల సంతోషపడ్డాను కూడా. మేనేజర్ రాసిన నివేదిక చూసేదాకా.

"మెయిన్‌ఫ్రేమ్ సామర్థ్యం తగ్గినందున, దాన్ని కాపాడేందుకు మా మిడిల్‌వేర్ బృందం ముందుచూపుతో కనెక్షన్లు పరిమితం చేసింది." ఇదీ అందులో మొదటి వాక్యం. రెండు వందలు ఎక్కడి నుంచి వచ్చాయో ఎక్కడా లేదు. నలభై ఉండేవని లేదు. చదివితే దేవుడు మొదటి నుంచీ రెండు వందలు పెట్టినట్టు, ముసలి యంత్రం మోయలేక కూలబడినట్టు, మేం పోయి ఆదుకున్నట్టు ఉంది. పంపే ముందు ఒకసారి చూడమని నాకే పంపాడు. నేను చూశాను. ఒళ్ళు భగ్గుమంది. ఆ మంటలోనే అందులో రెండు స్పెల్లింగ్ తప్పులు దిద్ది, వెనక్కి పంపాను.

వారానికి నాకు మెచ్చుకోలు మెయిల్ వచ్చింది, నా అనుమతి ఇంకో ఏడాది పొడిగించారు. ఆ వారమే పెద్దాయనకు నెలాఖరు నుంచి బెంగళూరు ఆఫీసుకు రమ్మని ఆదేశం వెళ్లింది. ఆయన వాదించలేదు. రాజీనామా పంపారు.

ఆయన పని ఎవరైనా నేర్చుకోవాలి కదా. దగ్గరున్నది నేనే. చిత్తూరు పోయి రెండు రోజులు ఆయన దగ్గర కూర్చుని రాసుకు రమ్మన్నారు. నలభైని రెండు వందలు చేసి అప్పటికి ఏడు వారాలు.

హైరోడ్డు వెనక సందులో ఆయన ఇల్లు. ముందుగదిలో బల్ల, బల్ల మీద కంప్యూటర్, పక్కన పాత ప్రింటర్. లోపలి గది తలుపు తీసే ఉంది, మంచం మీద ఆమె కనిపిస్తోంది. ఆయన మాట్లాడుతూ మాట్లాడుతూ గడియారం చూసుకుని లేచి పోతారు, ఆమెను ఒత్తిగిలించి, వీపు వెనక దిండు సర్ది, వచ్చి ఆపిన వాక్యం దగ్గరే మొదలుపెడతారు. రెండు రోజుల్లో ఒక్కసారి కూడా "ఏడ ఆపినాం?" అని అడగలేదు. నాకు అన్నం కూడా ఆయనే వండి పెట్టారు, వంకాయ పులుసు.

రెండో రోజు మధ్యాహ్నం ఒక ఫైలు తీసి నా ముందు పెట్టారు. "మెయిన్‌ఫ్రేమ్ తావ ఎవురేం చేసినా రాసిపెట్టుకుంటాదమ్మా. కామన్ ఐడీ అయితే మనిషి పేరు పడదు గానీ, ఏ మిషన్ నుంచి వచ్చినారో పడతాది. గొడవైనప్పుడు ముందు ఇది సూడల్ల. నేను ప్రింటు తీసి పెట్టుకుంటా, స్క్రీన్ మీద నాకు నమ్మకం ల్యా" అన్నారు. అంతలో లోపలి నుంచి ఆమె మూలిగింది. ఆయన లేచి పోయారు.

నేను కాగితాలు తిరగేశాను. ఒక కాగితం మీద పెన్సిల్‌తో ఒక వరుస కింద గీత గీసి ఉంది. నలభై, రెండు వందలు. పక్కన కామన్ ఐడీ. దాని పక్కన ఒక ల్యాప్‌టాప్ నంబరు. ఆ నంబరు నాకు చూసుకోకుండానే తెలుసు. టైప్ చేసేటప్పుడు నా కుడి అరచేతి కింద అంటించి ఉండే స్టిక్కర్ మీదుంటుంది.

గుమ్మడికాయల దొంగలాగా ముందు తలుపు వైపు చూశాను, ఎవరైనా చూస్తున్నారా అని. తర్వాత కాగితం అడుగున ప్రింటు తీసిన సమయం చూశాను. తేదీ ఆ గొడవ రోజుదే. సమయం పదకొండూ ఇరవై.

ఆయన నన్ను కాల్‌లో అడిగింది పదకొండూ నలభైకి.

ఆయన తడి చేతులు తువ్వాలుతో తుడుచుకుంటూ వచ్చి కూర్చున్నారు. నా చేతిలో కాగితం చూశారు. ఏమీ దాచలేదు, ఏమీ తడుముకోలేదు.

"తెలిసే అడిగినారా సర్?" అన్నాను.

"తెలిసే అడిగినానమ్మా."

"మరి ఇది చూపించి ఉంటే మీకు..."

"సూపిస్తే మీ మేనేజరుకు ఏమీ కాదు. ఆయప్ప నోటిమాట చెప్పినాడు, కాగితం మీద ఉండేది నీ నంబరే. నీ బిడ్డ చిన్నది." ఫైలు నా చేతిలోంచి తీసుకుని, ఆ కాగితాన్ని దాని చోట సరిగ్గా పెట్టారు. "నువ్వే చెప్తావని సూసినా. నీకు నోరుండాది కదా, చెప్తావులే అనుకున్నా. నువ్వు గమ్మునుంటివి."

ఆ మాటలో కోపం లేదు. ఉంటే నేను తట్టుకునేదాన్ని. కోపానికి కోపంతో జవాబు చెప్పడం నాకు వచ్చు. ఏడుపొచ్చింది, ఆయన ఎదుట ఏడ్చే హక్కు నాకు లేదని బిగబట్టాను. ఆ కాగితం ఫోటో తీసుకోనా అని అడిగాను. "ఇప్పుడెందుకమ్మా" అన్నారు, కానీ వద్దనలేదు. తర్వాత మిగిలిన పాఠం చెప్పారు. సాయంత్రం నాలుగు దాకా చెప్పారు.

తిరుపతి బస్సులో కూర్చుని మెయిల్ రాశాను. ఎవరు ఏ రోజు ఏ అంకెను ఏం చేశారో, ఎవరు చేయమన్నారో, ఆ రోజు కాల్‌లో నా నెట్ పోలేదని కూడా. కాగితం ఫోటో కలిపి పద్నాలుగు మందికీ పంపాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, తెలుసు. చంద్రగిరి దాటాక మేనేజర్ ఫోన్ చేశాడు. "ఇప్పుడు ఇదంతా ఎందుకు తవ్వుతున్నావు, ఆయన ఎట్లాగూ మానేశాడు కదా" అన్నాడు. ఇన్నాళ్లూ ఇంట్లో గ్లాసుల మీద, పూలమ్మే ఆమె మీద ఖర్చు పెట్టిన కోపమంతా ఆ బస్సులో, సీట్ల నిండా జనం వింటుండగా, అతనికి ఇచ్చాను. పక్క సీటు ముసలమ్మ మూట దగ్గరికి లాక్కుంది.

నా అనుమతి రద్దయింది. ఇది బెంగళూరులో, హాస్టల్ గదిలో కూర్చుని రాస్తున్నాను. శుక్రవారం సాయంత్రం బస్సెక్కి పాప దగ్గరికి పోతాను. మేనేజర్‌ను వేరే బృందానికి మార్చారు, అక్కడ కూడా సింపుల్ అంటూనే ఉంటాడు. పెద్దాయనను తిరిగి రమ్మని ఉత్తరం రాశారట. ఆయన రాలేదు. నేను మూడుసార్లు ఫోన్ చేశాను, మూడుసార్లూ ఎత్తారు, పాప ఎట్లుందని అడిగారు, ఆ సంగతి మాత్రం ఎత్తనివ్వలేదు.

ఆయన నన్ను అడిగింది చిన్న ప్రశ్న. జవాబు చెప్పడానికి నాకు ఏడు వారాలు పట్టింది. ముప్పై సెకన్లు దాటాక వచ్చిన జవాబు ఎక్కడికి పోతుందో పైనే చెప్పాను.